కర్త లేని క్రియలు, కారు మరమ్మతులు



వ్యాకరణమూ ఛందస్సూ వ్రాసుకొనే ఈ పుటలో కారు బ్రేకుల ప్రస్తావన యేమిటని మీలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. ఈమధ్య జరిగిన ఒక అనుభవం వల్ల, వ్యాకరణానికీ బ్రేకులకూ నేననుకొన్నదానికంటె దగ్గరి చుట్టరికం ఉన్నదని తెలిసివచ్చింది. అందుకే ఈ టపా.

మేముండేది బాలాపూర్. మా ఇంట ఏడేళ్ళ నాటి చిన్న కారొకటి ఉన్నది. ఆసుపత్రికీ, పెళ్ళిళ్ళకూ, ఏడాదికి రెండుమార్లు అబ్బాయిని విమానాశ్రయం నుంచి తీసుకొని రావడానికీ తప్ప దానికి పెద్ద పనేమీ లేదు. కొంతకాలంగా బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు చక్రాల నుంచి కీచుమని ధ్వని రాసాగింది. కొన్నచోటనే నమ్మకమని, కంపెనీ అధీకృత షోరూము వారి సర్వీసు కేంద్రంలో అప్పగించి వచ్చాను. (పేరు చెప్పను. ఒక దుకాణం పరువు తీయడం ఈ టపా ఉద్దేశం కాదు.) సాయంత్రం 14,860 రూపాయల బిల్లు చేతికి వచ్చింది. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చినందుకు, బ్రేకు ఆయిలు మార్చినందుకు, చక్రాల అలైన్‌మెంటుకు, ఏ.సి. శుభ్రతకు, ఇంజను పైపూతకు, వీటన్నిటి కూలికి వేరువేరుగా పద్దులున్నాయి. కీచుధ్వని పోయింది. కారు మిలమిల మెరుస్తున్నది. సంతోషంగా డబ్బు కట్టి ఇంటికి వచ్చాను.

ఇరవై రోజుల తరువాత ఒక రాత్రి, నేనూ మా ఆవిడా పహాడీ షరీఫ్ మీదుగా విమానాశ్రయానికి బయలుదేరాము. ముందు పోతున్న లారీ హఠాత్తుగా ఆగింది. బ్రేకు నొక్కాను. ఇనుము ఇనుమును గీరిన శబ్దం వచ్చింది గాని, కారు ఆగవలసిన చోట ఆగలేదు. లారీకి జానెడు దూరంలో ఆగింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు. నలభై యేళ్ళ సంసారంలో ఆమె మౌనానికి నేనింతగా భయపడిన సందర్భం మరొకటి లేదు.

మరునాడు మా వీధి చివరి మెకానిక్కు నా కళ్ళ ముందే చక్రం విప్పాడు. "సార్, గీ బోల్టులు ఎవ్వలు ముట్టలే. దుమ్ము గట్లనే ఉన్నది" అన్నాడు. ప్యాడ్లు పాతవే. ఒకదాని మీద రాపిడి పదార్థం రూపాయి బిళ్ళ మందం కూడా లేదు. లోపలివైపు దానిమీద అదీ లేక, ఇనుపరేకు నేరుగా డిస్కును కోస్తున్నది. తరువాత అతడు చూపించినది నా మనస్సులోంచి ఇప్పటికీ పోలేదు. ప్యాడు అరిగిపోవచ్చినప్పుడు డిస్కుకు తగిలి కీచుమని అరిచేటట్లు, హెచ్చరికగా, ఒక సన్నని రేకును తయారీదారులే అమరుస్తారట. "గిది చూడున్రి, వంచిన్రు" అన్నాడు. రేకు పైకి వంచి ఉన్నది. అంటే నేను విన్నది రోగం కాదు, రోగం సంగతి చెప్పడానికి వచ్చిన సాక్షి గొంతు. వారు రోగాన్ని ముట్టుకోలేదు. సాక్షి నోరు నొక్కి, వైద్యానికి వెల కట్టారు.

ఇంటికి వచ్చి జాబుకార్డూ బిల్లూ ముందు పెట్టుకొని, జవాబుపత్రం దిద్దినట్లు చదివాను. ఇంగ్లీషులో వ్రాసిన ఆ వాక్యాలను తెలుగు చేసుకొంటే ఇలా ఉన్నాయి: పరిశీలించబడినది. శుభ్రపరచబడినది. మార్చబడినది. సరిగా ఉన్నట్లు కనుగొనబడినది. ఎవరు పరిశీలించారు? ఎవరు మార్చారు? ఒక్క వాక్యానికీ కర్త లేడు.

కర్మణి వాక్యం తెలుగు నుడికారానికి సహజం కాదని తరగతిలో ఎన్నిమార్లు చెప్పి ఉంటానో! అయితే కర్తను దాచే ఉపాయం మన భాషకు తెలియదనుకోరాదు. కిటికీ అద్దం పగిలిననాడు ఏ పిల్లవాడూ "నేను పగులగొట్టాను" అనలేదు. "అద్దం పగిలింది సార్" అన్నాడు. పగులు, పగులగొట్టు అనే రెండు ధాతువుల నడుమ ఒక మనిషి తప్పించుకొని పోయేంత సందు ఉన్నది. పిల్లవాడు ఆ సందులోంచి పారిపోతే మందలించి క్షమిస్తాము. ఒక వ్యాపారవ్యవస్థ మొత్తం ఆ సందులోనే కాపురం పెడితే?

నిజానికి అక్కడ కర్త లేకపోవడం యాదృచ్ఛికం కాదు, అది ఏర్పాటు. మనతో మాట్లాడే సలహాదారు పానా పట్టడు. పానా పట్టే పనివాడు మనకు కనబడడు. బిల్లు వ్రాసేవారు కారును చూడనే చూడరు. మనలను చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తప్పు ఆ మూడు చేతుల నడుమ ఎక్కడ జారిందో కనుగొనడం ఎవరి తరమూ కాదు. నేను మళ్ళీ వెళ్ళి అడిగినప్పుడు ఆ సలహాదారు, పాతికేళ్ళు నిండని కుర్రవాడు, గొంతు తగ్గించి "నెలకు ఇన్ని ఏ.సి. శుభ్రతలు, ఇన్ని ఇంజను పూతలు అమ్మాలని మాకు లెక్క పెడతారు సార్" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం సులభం. కాని మంచి మార్కుల కోసం పిల్లలను బట్టీ పట్టించే బడిలో, బట్టీ పట్టిన పిల్లవాడిని మాత్రమే శిక్షించడం న్యాయమా? పూతలు అమ్మితే లాభం, ప్యాడ్లు విప్పితే సమయం వృథా అన్న లెక్క పైనుంచి దిగింది.

అట్లని వీధి మెకానిక్కులందరూ హరిశ్చంద్రులని నేననడం లేదు. నకిలీ విడిభాగాలు బిగించేవారు, ఒకటి బాగుచేస్తూ మరొకటి చెడగొట్టేవారు అక్కడా ఉన్నారు. భేదమొక్కటే. వీధిలో పని కనబడుతుంది, కాగితం కనబడదు. షోరూములో కాగితం కనబడుతుంది, పని కనబడదు. వినియోగదారునికి రెండూ కావాలి.

నా చిన్నతనంలో సైకిలు పంక్చరు వేసే మనిషి దగ్గర ఒక నీళ్ళ తొట్టి ఉండేది. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగ వచ్చే చోటు మనకు చూపించేవాడు. అతికిన తరువాత మళ్ళీ ముంచి, బుడగ రాకపోవడం చూపించేవాడు. అప్పుడు పైసలు అడిగేవాడు. రోగం చూపించడం, వైద్యం చేయడం, నయమైనదని చూపించడం: మరమ్మతు ధర్మమంతా ఆ తొట్టిలో ఉన్నది. లక్షల రూపాయల యంత్రాలున్న కేంద్రంలో ఆ తొట్టి ఎందుకు లేదు?

మా ఊరి పేరు చెప్పగానే మీలో చాలామందికి గణేశుని లడ్డు వేలం గుర్తుకు వస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం 2024లో 30,01,000 రూపాయలు పలికింది. అంత ధర ఎందుకని నవ్వేవారు నవ్వవచ్చును. కాని ఒక్కటి గమనించండి. నిమజ్జనం నాటి ఉదయం, వేలమంది చూస్తుండగా, పాటపాటకూ అంకె పైకి వినబడుతుంది. పాడినవాడు తన నోటితో పాడుతాడు. వాక్యానికి కర్త ఉన్నాడు. లక్షల లడ్డు ధర ఊరందరి ముందు నిర్ణయమయ్యే ఊళ్ళో ఉంటూ, పదునాలుగువేల మరమ్మతును అద్దం తలుపు వెనుకకు వదలి, నేను కాఫీ త్రాగుతూ కూర్చున్నాను.

నా తప్పునూ చెప్పుకోవాలి. జాబుకార్డు మీద సంతకం పెట్టినప్పుడు అందులో సగం గడులు ఖాళీగా ఉన్నాయి. వ్రాసినది మళ్ళీ చదవకుండా పత్రం ఇవ్వవద్దని ఉద్యోగకాలమంతా పిల్లలకు చెప్పినవాడిని, చదవడానికి ఏమీ లేని పత్రం మీద సంతకం చేశాను. కారు సంగతి తెలియదని బయటపడడానికి సిగ్గుపడ్డాను. వారి వ్యాపారానికి మన సిగ్గే పెట్టుబడి.

"పోనీయండి మాస్టారూ, ఈ వయస్సులో ఎందుకు?" అన్నారు మిత్రులు. ఏ.సి. శుభ్రత దొంగలెక్క అయితే పోనిచ్చేవాడినేమో. బ్రేకు విషయంలో పోనీయమనడానికి నాకు హక్కు లేదు. ఆ రాత్రి లారీ స్థానంలో రోడ్డు దాటే పిల్లవాడు ఉంటే, ఆ తప్పుకు కర్తను నేనే అయ్యేవాడిని. పత్రికలో ఆ వాక్యానికి మాత్రం కర్త పేరు తప్పక వ్రాసేవారు.

ఇక చట్టం సంగతి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. తెలుపవలసిన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం కూడా అందులో సేవాలోపమే. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపారవిధానం. కంపెనీ ఎక్కడున్నా, మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చును. రెండేళ్ళలోపు వేయాలి. దానికి ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ సహాయకేంద్రంలో నమోదు చేయవచ్చును. 2025 జనవరిలో వచ్చిన ఈ-జాగృతి ద్వారా ఇంటినుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును.

"బయట విప్పిస్తే వారంటీ పోతుంది" అనే బెదిరింపు మీరూ విని ఉంటారు. 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయకపోవడం ఆ కేసులో ప్రధానమైన తప్పు. బయట మరమ్మతు చేయించినంతమాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టవద్దని కూడా చెప్పింది. ఆ తీర్పు మీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి, అది వేరే కథ. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ఒక జాలస్థలం కూడా తెరిచింది. వాహనరంగం అందులో ఒకటి. హక్కు ఉన్నదని తెలియడం సగం పని, అడగడం తక్కిన సగం. అడగనిదే అమ్మయినా పెట్టదు గదా!

నేను ఇకమీద పాటించదలచినవి ఇవి:

1. కారు ఇచ్చేటప్పుడు "బ్రేకు చూడాలి" అని కాక, "ముందు ఎడమ చక్రం వద్ద, బ్రేకు నొక్కినప్పుడు కీచుధ్వని" అని జాబుకార్డులో వ్రాయించడం, కిలోమీటర్ల అంకెతో సహా దాని ఫోటో తీసుకోవడం.

2. అంచనా వ్యయం వ్రాతలో తీసుకొని, దానికి మించిన ప్రతి పనికీ ముందుగా నా అనుమతి సందేశరూపంలో అడగమని చెప్పడం.

3. తీసివేసిన పాత భాగాలు నాకు ఇవ్వమని మొదటనే వ్రాయించడం. ఈ ఒక్క వాక్యం సగం దొంగలెక్కలను ఆపుతుంది. కొత్త భాగం డబ్బా కూడా అడిగి, దాని మీది ధరను బిల్లుతో పోల్చుకోవడం. చాలా విడిభాగాల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాక 18 శాతమే. ఆ గడి కూడా చూసుకోవాలి.

4. డబ్బు కట్టకముందే, పనివాడినో సలహాదారునో ప్రక్కన కూర్చోబెట్టుకొని కారు నడిపి చూడడం.

5. పని చేసిన మనిషి పేరు జాబుకార్డు మీద అడగడం. శిక్షించడానికి కాదు. మంచి పనికి కూడా కర్త ఉండాలి గదా.

చివరగా జరిగినది చెప్పి ముగిస్తాను. పాత ప్యాడ్ల ఫోటోలు, వంచిన రేకు ఫోటో, బిల్లు నకలు జతచేసి సర్వీసు కేంద్రం మేనేజరుకూ, కంపెనీ వినియోగదారుల విభాగానికీ లేఖ వ్రాశాను. నాలుగు రోజులకు మేనేజరు స్వయంగా ఫోను చేశారు. మర్యాదగానే మాట్లాడారు. ప్యాడ్లు, డిస్కులు ఉచితంగా మారుస్తామన్నారు. ప్యాడ్ల సొమ్మూ, కూలీ తిరిగి ఇచ్చారు. ఈసారి ప్రక్కన నిలబడి చూశాను. పనివాడు ఓపికగా ఒక్కొక్కటీ చూపించాడు. మంచి పనివాడు. అతడిని మొదటనే నన్ను చూడనిచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

తరువాత మేనేజరు ఒక కాగితం ముందు పెట్టి, ఫిర్యాదు పరిష్కారమైనదని సంతకం పెట్టమన్నారు. ఈసారి చదివాను. "పొరపాటు జరిగినది, సరిదిద్దబడినది" అన్న అర్థంలో ఒక్క వాక్యం ఉన్నది. నేను కలం తీసి దాని క్రింద తెలుగులో మరొక వాక్యం వ్రాశాను: "ప్యాడ్లు మేము మార్చలేదు, మార్చినట్లు బిల్లు వ్రాశాము." దీనిక్రింద మీరు సంతకం చేయండి, పైదాని క్రింద నేను చేస్తాను అన్నాను. ఆయన చాలాసేపు చూసి, పైవారిని అడిగి చెబుతామన్నారు.

ఇంకా చెప్పలేదు. సొమ్ము ఇచ్చారు గాని, ఆ వాక్యం ఇవ్వలేదు. బిల్లు తేదీ నుంచి నాకు రెండేళ్ళ గడువున్నది. కాగితాలన్నీ తేదీల వరుసలో కుట్టి పెట్టుకొన్నాను.

మీకు ఇటువంటి అనుభవాలుంటే వ్యాఖ్యలలో వ్రాయండి. దుకాణాల పేర్లు వద్దు. మీరు ఏమి అడిగారో, వారు ఏమి చేశారో వ్రాయండి, కర్తతో సహా.