పచ్చబడిన సముద్రం, పస్తులున్న తిమింగలాలు

ఆర్కిటిక్ మహాసముద్రంలో మంచు కరిగేకొద్దీ నీటిలోకి సూర్యకాంతి ఎక్కువగా చొరబడి, ఆ కాంతితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులైన వృక్షప్లవకాలు విస్తారంగా పెరుగుతాయనీ, ఆ సమృద్ధి అంచెలంచెలుగా పైకి చేరి చివరకు తిమింగలాలకు మేలే చేస్తుందనీ ఒక వాదం ప్రచారంలో ఉన్నది. ఇందులో మొదటి సగం నిజమే. వృక్షప్లవకాలు కొత్తగా తయారుచేసే సేంద్రియ పదార్థాన్ని ప్రాథమిక ఉత్పత్తి అంటారు. 1998 నుంచి 2018 వరకు ఆర్కిటిక్‌లో అది 57 శాతం పెరిగిందని ఉపగ్రహ సమాచారం ఆధారంగా లెక్కకట్టారు. అయితే అంతటితో తిమింగలాల కడుపు నిండుతుందని తీర్మానించడం, చేను పచ్చగా ఉన్నదని గాదె నిండినట్టు లెక్క వేసుకోవడమే అవుతుంది.

ఉత్పత్తి ఎంత అన్నదానికన్నా అది ఎప్పుడు, ఎక్కడ, ఏ జీవి శరీరంలోకి చేరుతుందన్నదే ఆహారజాలాన్ని నిర్ణయిస్తుంది. తూర్పు పసిఫిక్ తీరం వెంట వలసపోయే బూడిదరంగు తిమింగలం ఇందుకు తిరుగులేని సాక్ష్యం. శీతకాలంలో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీర సరస్సులలో పిల్లలను కని, దాదాపు పస్తులతోనే తిరుగుప్రయాణం సాగించే ఈ జంతువు, వేసవిలో ఉత్తర బేరింగ్, చుక్చీ సముద్రాలకు చేరి, పక్కకు ఒరిగి అడుగు బురదను నోటితో పీల్చి, అందులోని యాంఫిపాడ్‌లను, అంటే రొయ్యలను పోలిన చిన్న జీవులను, వడకట్టుకొని తింటుంది. ఏడాదికి సరిపడా కొవ్వులో అధికభాగం అక్కడే కూడాలి. ఆ అడుగునేల సారవంతంగా ఉండటానికి కారణం మంచే. మంచు అడుగుభాగాన పెరిగిన శైవలాలూ, అది కరిగే అంచున వసంతంలో ఒక్కసారిగా విస్తరించిన ప్లవకాలూ, అతిశీతల జలాలలో వాటిని మేసే జంతుప్లవకాలు ఆ సమయానికి తక్కువగా ఉండటం వల్ల, చాలావరకు మేతకు పోకుండానే మిగిలి సముద్రగర్భానికి చేరేవి. నీరు వేడెక్కి మంచు ముందుగా తొలగిపోతే, ఆ పంట నడుమ నీటిలోనే జంతుప్లవకాలకూ, దక్షిణం నుంచి తరలివచ్చే చేపలకూ ఖర్చైపోయి అడుగుకు చేరేది తగ్గుతుంది. పైన ఉత్పత్తి పెరుగుతున్నప్పుడే కింద కరువు రావడంలో వైరుధ్యమేమీ లేదు.

బౌహెడ్ తిమింగలాలు అలాస్కా వైపు వృద్ధిచెందాయని ప్రతివాదులు గుర్తుచేస్తారు. అది కాదనలేని సత్యం. కానీ బౌహెడ్ ప్రధానంగా నీటిలో తేలే జంతుప్లవకాలను తింటుంది కనుక దాన్నీ బూడిదరంగు తిమింగలాన్నీ ఒకే గాటన కట్టకూడదు. పైగా ఆ వృద్ధిలో వాణిజ్య వేట ఆగిపోయిన తరువాత కోలుకోవడం కూడా కలిసి ఉన్నది. ఆ జాతికి సైతం మంచు ఒక కోట. నిటారైన వీపు రెక్క వల్ల దట్టమైన మంచులోకి రాలేని ఓర్కా తిమింగలాలు, దారులు తెరుచుకోవడంతో ఆర్కిటిక్‌లో మరింత లోపలికి వచ్చి బౌహెడ్‌లను వేటాడుతున్నాయి.

బూడిదరంగు తిమింగలాల సంఖ్య సముద్రం పోషించగల పరిమితికి చేరింది కనుకనే ఇటీవల అవి భారీగా మరణించాయనే మరో సమర్థన ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది ఆ పరిమితిని ఎన్నటికీ మారనిదిగా భావిస్తుంది. 2023లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం ఈ జనాభా హెచ్చుతగ్గులను అడుగుజీవుల రాశితోనూ, మేతస్థలాలపై మంచు నిలిచే కాలంతోనూ ముడిపెట్టింది. 1980ల చివరిలోనూ, 1999-2000లోనూ భారీగా మరణాలు సంభవించినా ఆ జాతి త్వరగానే తేరుకున్నది. ఈసారి 2018 చివరి నుంచి 2023 నవంబరు వరకు మెక్సికో నుంచి అలాస్కా దాకా 690 కళేబరాలు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. వాటిలో అనేకం బక్కచిక్కినవి. సంఖ్య పరిమితిని మించడమే కారణమైతే, సగం తగ్గాక మిగిలినవాటికి మేత పుష్కలంగా దొరికి కాన్పులు పెరగాలి. నడుమ ఒక గణనలో కొంత ఆశ కనిపించినా, 2016లో సుమారు 27,000గా ఉన్న జనాభా 2025 నాటికి 13,000 దరిదాపులకు పడిపోయింది. ఆ ఏడాది ఉత్తరానికి తల్లులతో సాగిన పిల్లలు సుమారు 85 మాత్రమేనని అంచనా వేశారు, 1994లో ఆ లెక్కింపు మొదలైన నాటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు.