పెట్టెకున్నపాటి జాగ్రత్త పొలానికి వద్దా?

మామిడికాయల సీజన్‌లో చెక్కపెట్టెలు మీరు చూసే ఉంటారు. నాలుగు పలకలు, గుప్పెడు మేకులు, అడుగున ఇంత వరిగడ్డి. సరుకు మార్కెట్‌కు చేరితే చాలు, ఆ తర్వాత పెట్టె ఏమైపోయినా ఎవరికీ పట్టదు. మంచు ఖండం అంటార్కిటికాకు పోయే పెట్టె సంగతి మాత్రం వేరు. దాంతో మనకేం పని అంటారా? ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

అంటార్కిటికాలో మన దేశం 1989లో మైత్రి, 2012లో భారతి అనే పరిశోధన కేంద్రాలు పెట్టింది. అక్కడ గింజ పండదు, చెట్టు మొలవదు. బియ్యం, పప్పులు, మందులు, యంత్రాల విడిభాగాలు అన్నీ బయటి నుంచే పోవాలి. ఈ పనులు చూసే జాతీయ సంస్థ గోవాలో ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ రేవు మీదుగా ఓడలో సామాను పోతుంది.

అంత దూరం పోయే పెట్టె గట్టిగా ఉండాలని వేరే చెప్పాలా? కానీ గట్టితనం ఒక్కటే చాలదు. దేశం దాటే చెక్కపెట్టెలకు 2002లో ఒక అంతర్జాతీయ నిబంధన వచ్చింది. చెక్కకు బెరడు తీసెయ్యాలి. ఆపైన దాన్ని వేడి గదిలో పెడతారు. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి ఎక్కాలి, ఆ వేడి 30 నిముషాలు నిలవాలి. లోపల పురుగున్నా గుడ్డున్నా చావాలని! అప్పుడే పెట్టెమీద ముద్ర వేస్తారు. ఆ ముద్రలో ఉండే బొమ్మ ఏమిటో తెలుసా? గోధుమ కంకి. పక్కనే దేశం గుర్తు, ఆ పని చేసినవారి నంబరు ఉంటాయి. రేపు పురుగు కనబడితే ఎవరి చెక్కో ఇట్టే తెలిసిపోతుంది. ప్లైవుడ్‌కు ఈ షరతు లేదు. జిగురు, వేడి, ఒత్తిడితోనే అది తయారవుతుంది కాబట్టి.

ఇంత హడావుడి ఎందుకంటే, దెబ్బతిన్నారు కాబట్టి. చైనా వైపు నుంచి వచ్చిన పెట్టెల చెక్కలో దాగి పొడుగు మీసాల పెంకుపురుగు ఒకటి అమెరికా చేరింది. 1996లో న్యూయార్క్‌లో బయటపడింది. దాన్ని ఆపడానికి వేల చెట్లు నరికేశారు. మన మామిడి కాండాన్ని తొలిచే పురుగుదీ ఆ కుటుంబమే.

మంచు ఖండంలోనూ అంతే. అక్కడ పోలండ్ దేశం వారి కేంద్రం దగ్గర 1985-86లో బయటి గడ్డి ఒకటి మొలిచింది. మనిషి వెంట, సామాను వెంట పోయిన విత్తనమే. అది చుట్టుపక్కలకు పాకాక చేత్తో పీకించాల్సి వచ్చింది. మంచులోనే అంత పని చేస్తే, మన నేలలో వయ్యారిభామ ఊరుకుంటుందా? అందుకే అక్కడికి శుద్ధి చెయ్యని మట్టిని తీసుకుపోవడం నిషేధం. మన ప్రభుత్వమూ 2022లో అంటార్కిటికా చట్టం చేసింది.

ఇక మన సంగతి చూద్దాం. మొన్నామధ్య ఒక పెద్దాయన కొబ్బరితోటకు వెళ్లాను. ఉన్నది ఎకరం. వేరే ఊరి నుంచి తెచ్చి పాతిక మొక్కలు నాటాడు. ఆకు తిప్పితే కింద చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు, పైన నల్లటి మసి. అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడు, కేరళలో కనబడి మన గోదావరి జిల్లాలకు పాకిన పురుగు. "తెచ్చేటప్పుడు ఆకు తిప్పి చూశారా?" అని అడిగాను. "పచ్చగా ఉన్నాయి కదాని తెచ్చేశాను బాబూ" అన్నాడు.

పెట్టెమీద ముద్ర అడిగే ప్రపంచంలో, మనం మొక్క కొంటే కనీసం రసీదు కూడా అడగం. నా మాట ఒక్కటే. నర్సరీ మొక్కకూ పెట్టెకున్నట్టే బాధ్యత ఉండాలి. ఎవరు పెంచారు, ఎవరు పరీక్ష చేశారు అన్నది కాగితం మీద రాసివ్వాలి. అధికారులు దీన్ని పట్టించుకోవాలి. పాతికెకరాల ఆసామి ఒక దెబ్బ తట్టుకుంటాడు. ఎకరం రైతు ఏంచేస్తాడు?

అందాకా మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. తెచ్చిన మొక్కల్ని పదిహేను రోజులు తోటకు దూరంగా ఉంచి, ఆకు అడుగు, వేరు చూసి నాటండి. ఊరుకాని ఊరి మట్టి తెచ్చుకోకండి. వరికోత మిషన్, రోటవేటర్ పొలంలో దిగకముందే గట్టుమీద దులిపించండి. పుచ్చిన పాత పెట్టెలు చెట్టుకింద పడెయ్యకుండా పొయ్యిలో పెట్టండి. వీటికి పెద్దగా ఖర్చు లేదు, ఓ పూట శ్రమ.

మనిషి కాపురం లేని మంచు నేలకే అంత కాపలా ఉంది. మన నాలుగు మెతుకులు పండే నేలకు మనమే కాపలా. ఇల్లు కాలాక బావి తవ్వితే లాభమేముంది?