రేవుకి మా కొండ ఎంత దూరం?

క్రిందటేడు మా అయ్య నన్ను చూడ్డానికి మొదటిసారి విశాఖపట్నం వచ్చాడు. గూడెం కొత్తవీధిలో తెల్లవారుజామున బస్సెక్కి, చింతపల్లి, లంబసింగి ఘాటీ, నర్సీపట్నం దాటి వొళ్ళు హూనమై దిగాడు. సాయంత్రం బీచికి తీసుకువెళ్ళాను. రేవులోకి పోవడానికి వంతుకోసం దూరాన ఆగివున్న ఓడల్ని చాలాసేపు చూసి, "ఏ ఓడలో వుంటాదిరా మన కాఫీ?" అన్నాడు. పక్కనున్న నా రూమ్మేటు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సైన్సు చదువుతున్నాను గాని ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. యీ ఏడాదంతా అడిగినవాళ్ళని అడక్కుండా అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది మిత్రుల ముందు పెడుతున్నాను.

రేవు అంటే సముద్రం వొడ్డున వుండేదని మనం అనుకుంటాం. నిజానికి రేవు ప్రాణం దాని వెనకనున్న దేశంలో వుంటుంది. విశాఖ రేవు 1933లో పెద్ద ఓడలకు తెరుచుకుంది. దానికి రెండేళ్ళు ముందే, 1931లో, రాయపూరు నుంచి విజయనగరం దాకా రైలు దారి పూర్తయింది. మధ్యపరగణాల మాంగనీసుని దగ్గరి దారిన సముద్రానికి చేర్చడం అందులో వొక ముఖ్యోద్దేశం. స్వరాజ్యం వచ్చాక కూడా లెక్క మారలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజం కొనడానికి 1960లో జపాను వొప్పుకుంది. దానికోసం కొత్తవలస నుంచి కిరండూలు దాకా సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు తొలిచి, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ మీదుగా బ్రాడ్‌గేజి లైను వేశారు. ఆ ఖనిజం మోసే భారీ ఓడలకోసం 1976లో బయటి రేవు కట్టారు. ఆ ఇంజనీర్ల గొప్పతనానికి ఎవరైనా చెయ్యెత్తి మొక్కవలసిందే. నేనూ మొక్కుతాను. అయితే వొక్కటే గమనించాను. కొండకు కన్నం పెట్టడం చేతకాక మా చింతపల్లి, గూడెం కొండలకు రైలు రాలేదనడం అబద్ధం.

మాకు వచ్చిన దారి వేరు. బ్రిటిషువారి కాలంలో నర్సీపట్నం నుంచి మన్యంలోకి రోడ్డు వేస్తూ, గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి గొడ్డుచాకిరీ చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మా తాతల తాతలు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి వున్న కారణాల్లో ఆ రోడ్డు చాకిరీ వొకటి. మావాళ్ళు రోడ్డుని ద్వేషించారని కొందరు రాస్తారు. రోడ్డుని కాదు, ఆ రోడ్డు ఎవరికోసమో ఎరిగి దాన్ని ద్వేషించారు.

తర్వాత మా మండలంలోని సీలేరు నీళ్ళు కరెంటై తీగలమీద కొండ దిగాయి. మా వాడలో బల్బు వెలిగింది నేను ఆరోక్లాసులో వుండగా. ఆ తర్వాత బాక్సైటు. జెర్రెల కొండల తవ్వకానికి అడవి భూమి కేటాయిస్తూ 2015 నవంబరులో జి.ఓ. 97 వచ్చింది. మన్యమంతా లేచింది. చివరికి 2019లో లీజులు రద్దయ్యాయి.

ఇక్కడే కొందరు మిత్రులు నన్ను నిలదీస్తారు: "గని వొద్దంటారు, రోడ్డు కావాలంటారు. సరుకు లేనిచోటికి రోడ్డెందుకొస్తుందోయ్?" సరుకు లేదని ఎవరన్నారు? కాఫీ వుంది, మిరియాలున్నాయి, పసుపు, రాజ్‌మా చిక్కుళ్ళు, అడ్డాకులు వున్నాయి. ఇనుమైతే వొక్క యజమాని, లక్షల టన్నులు. మాదైతే వేల కుటుంబాలు, ఇంటికి రెండు బస్తాలు. టన్నుల లెక్క వేసేవాడి కంటికి రెండు బస్తాలు ఆనవు. 2019లో మన కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అరకు పేరుతో. (మా వూరి కాఫీ కూడా ఆ పేరుతోనే చెలామణీ అవుతుంది. అందుకు నాకు కోపం లేదు గాని, మా అయ్యకు కొంచెం వుంది.) ఆ కాఫీలో చాలా భాగం కొన్నాళ్ళు బెంగుళూరు వేలాలకు పోయింది. ఇంటి ముందర కంటైనర్ టెర్మినల్ వుండగా!

అసలు దోపిడీ ఓడ దగ్గర కాదు, కాటా దగ్గర. కాఫీ పళ్ళు కోసిన రోజే తోలు వొలవాలి, జిగురు పోయేదాకా నానబెట్టి కడగాలి, తేమ నూటికి పది, పదకొండు పాళ్ళకు దిగేదాకా ఎండబెట్టాలి. అప్పుడే మంచి ధర. కోతలు వచ్చేది చలికాలంలో. పదిగంటలదాకా మంచు తెర తొలగదు. మా అమ్మ టార్పాలిన్ మీద గింజలు పరుస్తుంది, సాయంత్రం మంచు పడకముందే మళ్ళీ పోగుచేస్తుంది. తోలు తీసే యంత్రం దొరకనినాడు పళ్ళు అలాగే ఎండవేసి తక్కువకు అమ్ముకుంటాం. షావుకారు "తేమ తరుగు" అని బస్తాకి రెండు కిలోలు కోస్తాడు. ఎదురుచెప్పలేం. వానాకాలంలో జ్వరమొస్తే అప్పిచ్చింది ఆయనే, ఆ అప్పు తీరేది యీ కాటాలోనే. గిరిజన కార్పొరేషను కొంటుంది, నిజమే. కాని దాని కాటా దగ్గరికి బస్తా మోసుకుపోయే దారి, డబ్బు చేతికొచ్చేదాకా ఆగే ఓపిక రెండూ వుండాలి గదా.

అందుకని నేను అడిగేది పెద్ద రహదారి వొక్కటే కాదు. 516-ఈ జాతీయ రహదారి మన్యం మీదుగానే పోతుంది, సంతోషం. ఆ రహదారి దాకా మా వాడ నుంచి వానల్లో కూడా జీపు నడిచే దారి కావాలి, బస్తాలకే కాదు, డోలీలో మోసుకొచ్చే బాలింతలకు కూడా. పంచాయతీకి వొక తోలు యంత్రం, సిమెంటు కళ్ళం, తాళం వేసుకునే గోడౌను కావాలి. గింజ శుద్ధిచేసే క్యూరింగు పని కొండమీదే జరిగితే ఆ కూలి కొండలోనే మిగులుతుంది. అన్నిటికన్నా ముందు సంతలో అందరికీ కనబడేలా తేమ కొలిచే మీటరు పెట్టాలి. యిందులో వొక్కదానికీ కొండకు కన్నం పెట్టనక్కర్లేదు.

మా అయ్య వెళ్ళేటప్పుడు జేబులోంచి గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోశాడు. లాబ్‌లో తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ తూచాను. తేమ పదకొండు పాళ్ళకు లోపే తేలింది. ఎగిరి గంతేసి మా డెమాన్‌స్ట్రేటరుగారికి చూపిస్తే, "జేబులో, బస్సులో ఆరివుండవచ్చు గదయ్యా, ఇది రుజువు కాదు" అన్నారు. నిజమే. అందుకే యీ సంక్రాంతి సెలవులకు మూత బిగువుగా వుండే సీసాలు ఆరు పట్టుకుపోతున్నాను. కాటా వేసే రోజునే, కాటా దగ్గరే గింజలు నింపి సీలువేసి తెస్తాను.