ఇంతకీ కాపాడేదేటి?

మా పెదనాన్నది భోగాపురం దగ్గర ఊరు. తనని తాను పాతకాలపు మనిషినని చెప్పుకుంటాడు. 2015లో విమానాశ్రయానికి భూములు తీసుకుంటామన్నప్పుడు "తాతలనాటి భూమంటే ఏటనుకుంతన్నారు, సంతలో సరుకా?" అని మండిపడ్డాడు. అప్పటికి ఆయన పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్షంలో ఉంది. 2023 మేలో జగన్ ముఖ్యమంత్రిగా వచ్చి అదే విమానాశ్రయానికి శంకుస్థాపన చేస్తే, వెళ్ళి చప్పట్లు కొట్టొచ్చాడు. మరి తాతలనాటి భూమో? "అభివృద్ధి ఒద్దంతావేట్రా?"

అదే చోట చంద్రబాబు 2019 ఫిబ్రవరిలోనే ఒక రాయి వేసి వెళ్ళారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు వేరు, అంతే.

నా గొడవ విమానాశ్రయంతో కాదు. పెదనాన్న తన పార్టీ అభిమానాన్ని సంప్రదాయం అనుకోవడంతో. నేను కన్సర్వేటివ్‌ని కాను. కానీ ఆ మాటకో విలువుంది: ఫలానాది పోకూడదు, ఎవడు అడిగినా ఇవ్వను అనే పట్టుదల. అడిగేది సొంత పార్టీ అయినా సరే.

ఇది మన శ్రీకాకుళానికి కొత్త కాదు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం అని తీర్మానిస్తే, రైతు చేతిలో కమతం మిగలదని ఎన్.జి. రంగా కాంగ్రెస్‌నే వదిలేశారు. స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న, జమీందార్ల మీద రైతుల్ని కూడగట్టిన మనిషి, ఆయన వెంట నడిచారు. 1967లో లచ్చన్న ఖాళీ చేసిన శ్రీకాకుళం సీటు నుంచే రంగా పార్లమెంటుకి వెళ్ళారు. ఆ రాజకీయం నాకు నచ్చదు. కానీ దేనికోసమో తెలుస్తుంది.

తర్వాత కథే చేదు. స్వతంత్ర 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది, అది 1977లో జనతాలో. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది! ఏ హక్కు కోసం పార్టీ పెట్టారో, దాని వారసులే దాన్ని కొట్టేశారు. రంగా? 1980లో గుంటూరు నుంచి ఇందిరా కాంగ్రెస్ ఎంపీ. పార్టీనే పట్టుకుని వేలాడినవాడు ఏ ఒడ్డున తేలాడో చూడండి.

నవ్వకండి. మన ఫోన్లలో మనం చేసేదీ ఇదే. అరెస్టు ఎవరిదో చూశాకే భావప్రకటనా స్వేచ్ఛ గుర్తొస్తుంది మనకి.

లచ్చన్న సొంత గడ్డ సోంపేటలో 2010 జులై 14న బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. వాళ్ళు కొత్తగా ఏదీ అడగలేదు. బీలలో నీళ్ళుండాలి, చేపలుండాలి, పొలం ఉండాలి. ఉన్నదాన్ని ఉండనివ్వమన్నారు. వాళ్ళని కన్సర్వేటివ్‌లని ఎవరూ అనలేదు.

మొన్న ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. విని, చుట్ట ఆర్పి, "అప్పుడు గవర్నమెంటు ఎవులిదిరా?" అనడిగాడు.