పచ్చికే... పగబట్టింది!

కనుచూపు మేరంతా పచ్చిక. మేసినవాటికి మేసినంత! అయినా ఆవులు మేత మానేసి పొట్టలోతు చెరువు నీళ్లలో నిలబడి రొప్పుతున్నాయి. వేసవి ముదిరినా వాటి ఒంటిమీద చలికాలపు బొచ్చు రాలలేదు. చలికాలం వస్తే మరీ ఘోరం. తోక కొసలూ చెవుల అంచులూ నల్లబడతాయి. గిట్టలు కుళ్లి కుంటుతాయి. అమెరికాలోని కెంటకీ, టెన్నెసీ, జార్జియా రాష్ట్రాల పశువుల రైతులు దశాబ్దాల తరబడి చూసిన బాధ ఇది. జబ్బు ఉన్నది పశువులో కాదు, గడ్డిలో!

కథ 1931లో మొదలైంది. కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎన్.ఫెర్గస్ మెనిఫీ కౌంటీలో ఓ రైతు కొండవాలు మీద ఏపుగా పెరిగిన టాల్ ఫెస్క్యూ గడ్డిని చూసి ముచ్చటపడ్డారు. విత్తనం తెచ్చి పరీక్షించాక 1943లో అది 'కెంటకీ-31' పేరుతో రైతులకు అందింది. కరవుకు ఎండదు, పశువులు తొక్కినా చావదు. అలా అలా దాదాపు మూడున్నర కోట్ల ఎకరాలకు ఫెస్క్యూ పాకిపోయింది. దాని వెనకే జబ్బూ పాకింది. నేలలో లోపమని కొందరు, పశువుల జాతి మంచిది కాదని ఇంకొందరు అనుకున్నారు.

1970ల్లో జార్జియాలో ఒకే రైతుకున్న రెండు బీళ్లు గుట్టు విప్పాయి. ఒకదాంట్లో మేసే పశువులు బాగున్నాయి, రెండోదాంట్లో మేసేవి చిక్కిపోతున్నాయి. ఛార్లెస్ బేకన్ బృందం గడ్డిని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే రెండో బీడులోని మొక్కలన్నిటిలోనూ ఓ శిలీంధ్రం! మొదటి బీడులో పదింట ఒక మొక్కలోనే కనిపించింది. ఈ ఫలితాలు 1977లో వెలువడ్డాయి. ఆకుమీద మచ్చ ఉండదు, బూజు కనిపించదు. కణాల సందుల్లోనే కాపురం, విత్తనంతోనే ప్రయాణం. అది తయారుచేసే ఎర్గోవాలిన్ అనే విషం రక్తనాళాలను బిగదీస్తుంది. దాంతో ఒంట్లో వేడి బయటకు పోదు. చలిలో కాళ్లకు, తోకకు రక్తం అందదు. చూడి గుర్రాలకైతే నెలలు మీరిపోతాయి, ఈనినా పాలుండవు. మన సజ్జ వెన్నుల్లో బంక కార్పించే ఎర్గాట్ తెగులుకూ ఈ శిలీంధ్రానికీ బీరకాయ పీచు చుట్టరికం కాదు, దగ్గర బంధుత్వమే. ఈ గడ్డివల్ల అమెరికా పశువుల రైతులకు ఏటా 60 కోట్ల డాలర్లు నష్టమని 1993లో ఓ అంచనా.

శిలీంధ్రం లేని విత్తనం వేస్తే సరిపోదా? 1980ల్లో అదే చేశారు. ఏడాదికి పైగా మామూలు గదిలో నిల్వ ఉంచితే విత్తనం బతుకుతుంది, శిలీంధ్రం చస్తుంది. పశువులు బాగుపడ్డాయి కానీ గడ్డి చచ్చింది! కరవునీ పురుగునీ తట్టుకునే బలం ఇచ్చింది ఆ శిలీంధ్రమే మరి. అప్పటికి గానీ అది శత్రువూ మిత్రుడూ కూడానని తేలలేదు. చివరికి జార్జియా విశ్వవిద్యాలయం, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు కలిసి ఎర్గోవాలిన్ తయారుచేయని శిలీంధ్రాన్ని ఎంచుకుని గడ్డిలోకి ఎక్కించారు. 2000 ప్రాంతంలో 'మ్యాక్స్ క్యూ' పేరుతో విత్తనం వచ్చింది.

పాత గడ్డిని వదిలించుకోవడమే పెద్ద పని. కలుపుమందు కొట్టాలి, వేసవిలో సజ్జ లాంటి పైరు వేసి అణచాలి, మళ్లీ మందు కొట్టి శరదృతువులో కొత్త విత్తనం చల్లాలి. అన్నాళ్లూ ఆ బీడులో యథాప్రకారం మేపడం కుదరదు. ఖర్చుకు జంకి తాతల నాటి గడ్డితోనే నెట్టుకొస్తున్న వాళ్లు ఇప్పటికీ ఎందరో. వాళ్లకూ దారులున్నాయి. విషం ఎక్కువగా గింజల్లో ఉంటుంది కాబట్టి వెన్ను తీయగానే కోసేయడం, క్లోవర్ కలిపి పెంచడం, ఎండబెట్టి నిల్వచేసి మేపడం, చూడి గుర్రాలను ఈనే ముందు రెండు మూడు నెలలు ఆ బీడుకు దూరంగా ఉంచడం. ఎర్ర క్లోవర్‌లోని ఓ పదార్థం బిగిసిన రక్తనాళాలను సడలిస్తుందని కూడా పరిశోధకులు గుర్తించారు.

ఇంకో తమాషా. ఒకప్పుడు శిలీంధ్రం చావాలని విత్తనాన్ని ఏడాదిపాటు నిల్వపెట్టిన చోటే, ఇప్పుడు కొత్త విత్తనంలోని శిలీంధ్రం వేడికి చచ్చిపోకుండా చల్లని గదుల్లో పెట్టి కాపాడుతున్నారు.