గృహ విజ్ఞానము: ఏసీ మీట పడిపోయినచో


జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో వేసవి యెండ 45 డిగ్రీలు దాటుట కలదు. అందుచే స్ప్లిట్ ఏసీ యంత్రములు సామాన్య గృహములందును వెలసినవి. వాని విషయమున కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఏసీ నడుచుచుండగా ఎం.సి.బి. మీట పడినచో పలువురు దానిని మాటిమాటికి పైకెత్తుదురు. ఇది కూడదు. తీగలో మితిమీరిన విద్యుత్తు పాఱుచున్నదని ఆ మీట హెచ్చరించుచున్నది. కమురువాసన, పొగ లేనిచో ఒక్కసారి ఎత్తి చూడవచ్చును. మరల పడినచో అట్లే యుంచి, తెలిసిన ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను. అంతకంటె పెద్ద ఎం.సి.బి. వేయించినచో మీట పడదు, తీగ కాలును.

ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, ప్రత్యేకమైన తీగ, మంచి ఎర్తింగు ఉండవలెను. ఎం.సి.బి. తీగను రక్షించును, మనుష్యుని రక్షించుటకు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అవసరము.

స్విచ్చి ఆర్పినను బయటిపెట్టెలోని కెపాసిటరునందు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. కావున మూత విప్పరాదు. పెట్టెను తాకినపుడు చేయి జివ్వుమన్నచో వెంటనే మెయిను ఆర్పుడు.

దోషము స్తంభమువద్ద నున్నచో సిరిసిల్లవారు 1970లో స్థాపితమైన సహకార విద్యుత్ సరఫరా సంఘమునకును, జగిత్యాల, కోరుట్లవారు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకును తెలుపవలెను.

ఆర్.సి.సి.బి. మీద పరీక్షించు బొత్తాము గలదు. నెలకొకసారి నొక్కి చూడుడని మా కోరిక. మీట పడనిచో అది మీ బిడ్డలను కాపాడజాలదు, వెంటనే మార్పింపుడు.