అవి ప్రేమలేఖలు కాకపోతే మరేమిటి?

కిందటివారం అమెరికా నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. మాటల్లో మాటగా, "ఇక్కడి నల్లవాళ్ళకి మనలాగా కుటుంబం, మమకారం అలాంటివేమీ ఉండవు వదినా" అంది. అవతల కుక్కరు మూడో విజిల్ వేస్తోంది. "ఊఁ" అని ఊరుకున్నాను. ఆ "ఊఁ" అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంది.

మమకారం లేదట! బానిసత్వం సాగినన్నాళ్ళూ అక్కడి చట్టం వాళ్ళ పెళ్ళిని పెళ్ళిగా లెక్కపెట్టలేదు. కన్నబిడ్డ యజమాని ఆస్తి. తల్లిని ఒకచోటికి, పిల్లని ఇంకోచోటికి అమ్మేసేవారు. పోనీ ఉత్తరం రాసుకుందామా అంటే, బానిసలకి రాయడం నేర్పడమే నేరమని దక్షిణ కరోలినాలో 1740లోనే చట్టం చేశారు.

1865లో బానిసత్వం రద్దయ్యాక వాళ్ళేం చేశారో తెలుసా? పత్రికల్లో ప్రకటనలిచ్చి మరీ తమవాళ్ళని వెతుక్కున్నారు. న్యూ ఆర్లియన్స్‌లో 'సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్' అనే పత్రిక 1877 నుంచి 'లాస్ట్ ఫ్రెండ్స్' అని ఇందుకోసం ఒక శీర్షికే నడిపింది. చందాదారులు కానివాళ్ళు ప్రకటనకి 50 సెంట్లు కట్టాలి. పాస్టర్లు వాటిని చర్చిల్లో చదివి వినిపించేవారు. మా అమ్మ పేరిది, తోబుట్టువులు వీళ్ళు, మమ్మల్ని కొన్న దొర ఫలానా, ఫలానా ఊళ్ళో విడిపోయాం. ఇంతే ఉంటుంది వాటిలో. విడిపోయిన ఇరవై, ముప్పై ఏళ్ళకి కూడా ఇలా అడుగుతూనే ఉన్నారు. చిన్నప్పుడు చెయ్యి వదిలిన అమ్మ కోసం తల నెరిశాక డబ్బు కట్టి అడిగేవాళ్ళకి మమకారం లేదా?

నేను వాటిని ప్రేమలేఖలే అంటాను. అనగానే ఎవరో ఒకరు, "అది ప్రేమ కాదండీ, వాత్సల్యం" అంటారు. బి.ఏ.లో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను లెండి. ప్రేమలేఖ అంటే మనకి చలం, లేకపోతే జంధ్యాల సినిమా. ఇంట్లోవాళ్ళకైతే "మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని రాసి కవరు అంటించేశాం.

జేమ్స్ బాల్డ్విన్ 1962లో అన్న కొడుక్కో తమ్ముడి కొడుక్కో రాసే మామూలు ఉత్తరంలాగే ఒక ఉత్తరం అచ్చువేయించాడు. ఆ పిల్లాడికి పదిహేనేళ్ళు కూడా దాటలేదు, పేరు కూడా పెదనాన్న పేరే. వాడి తండ్రిని పసివాడిగా తను ఎత్తుకు తిరిగిన రోజులు అందులో గుర్తు చేసుకుంటాడు. నువ్వెందుకూ పనికిరావని ఈ దేశం చెబుతుంది, నమ్మకు అని పిల్లాడికి నచ్చజెబుతాడు. దాన్ని చాలామంది ఆవేశమనే చదువుతారు. బయటికెళ్ళిన కొడుకు ఇంటికి తిరిగొచ్చేదాకా గుమ్మం వదలని ఆడవాళ్ళం, మనకి అది ఆవేశంలా ఎలా కనిపిస్తుంది?

'ది కలర్ పర్పుల్'లో మొగుడు ఏళ్ళ తరబడి దాచేసిన ఉత్తరాలు ఎవరివి? ఏ ప్రియుడివో కావు, పెళ్ళాం చెల్లెలివి. అక్కాచెల్లెళ్ళ ప్రేమకి అతనెంత భయపడ్డాడో చూడండి! నిక్కీ జొవానీ అయితే తన చిన్నతనం మీద రాసిన కవితలో, రేపు తన గురించి రాసేవాళ్ళు ఇంట్లోని లేమిని రాసి సంతోషాన్ని వదిలేస్తారేమోనని ముందే కసురుకుంది. మా ఆడపడుచు చేసింది సరిగ్గా అదే. ఆవిడ చెడ్డది కాదు, ఎవరో అన్నమాట తనూ అనేసింది. నేను "ఊఁ" కొట్టి ఆ మాటని ఇంకో ఇంటికి దాటించాను.

ఆదివారం మళ్ళీ ఫోను చేస్తుంది. ఈసారి పొయ్యి కట్టేసి కూర్చుంటాను.